ఊఁ కొట్టినందుకు

నేను పగ పట్టే మనిషిని. చిన్నప్పటి నుంచీ అంతే. రాజ్యాంగం చదువుకున్నవాళ్ళు నిదానంగా, తూచినట్టు మాట్లాడతారని జనం అనుకుంటారు. క్లాసులో నేనూ అలాగే మాట్లాడతాను. కానీ పోయిన వానాకాలంలో ఒక ఆఫీసరు మా అవ్వను చూసి నవ్వాడు. తను నవ్వింది చాలక చుట్టూ ఉన్నవాళ్ళ చేత కూడా నవ్వించాడు. అప్పటి నుంచి నాకు నిదానం లేదు.

మా దగ్గర అవ్వ అంటే అమ్మ, బాపు అంటే నాన్న. మాది చేవెళ్ళ. బాపు అక్కడ బస్టాండు పక్కన ఎరువుల దుకాణం నడుపుతాడు. అవ్వకు తల్లిగారింటి నుంచి వచ్చిన పొలం కనకమామిడి పక్కన ఉంది. ఆ పొలం అవ్వది, ఈ దుకాణం బాపుది. ఒకరి పనిలో ఒకరు వేలు పెట్టరు కాబట్టే ఇన్నేళ్ళుగా ఇద్దరికీ పొసగిందని మా చుట్టాలంతా అంటారు. నేను పెళ్ళయ్యాక మొయినాబాద్‌లో ఉంటూ సిటీలోని లా కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ప్రభుత్వాలు కంప్యూటర్లతో, ఫోన్లతో, కెమెరాలతో పాలన చేస్తున్నప్పుడు మామూలు మనిషి హక్కులు ఏమవుతాయన్నది నా పరిశోధన. అందులో సమ్మతి గురించి ఎక్కువగా రాశాను. మనిషి నిజంగా ఒప్పుకున్నాడా, ఒప్పుకున్నట్టు మిషన్ రాసుకుందా అన్నదే నేను రాసిన వాటన్నిటి సారం.

అవ్వ పొలానికి ఒక బండ్లబాట ఉంది. పూర్వం ఎడ్లబండ్లు పోయేవి, ఇప్పుడు ట్రాలీ ఆటోలు పోతాయి. ఆ బాట పక్క భూమిని సిటీ ఆయన ఒకాయన కొని ఫామ్‌హౌస్ కట్టాడు. కట్టినవాడు ఊరుకోక బాటను కూడా లోపలికి కలుపుకుని కాంపౌండ్ గోడ లేపాడు. ఆయన వారానికోసారి వచ్చి, పాటలు పెట్టుకుని, మాంసం కాల్చుకుని తిని పోతాడు. మా అవ్వ మాత్రం పక్కవాళ్ళ గట్ల మీద నుంచి, వాళ్ళ మొహాలు చూస్తూ, పొలానికి పోవాల్సి వచ్చింది.

ఆ ఏడు అవ్వ పొలం నిండా బంతి వేసింది. బతుకమ్మ పండుగకు కోతకు వస్తుంది. గట్టు మీద నుంచి మనిషి నడవగలదు గానీ పూల మూటలు ఎన్నని మోస్తుంది? ఆటో లోపలికి రాకపోతే పూలు చెట్టు మీదే వాడిపోతాయి. పండుగ దాటాక బంతిని అడిగేవాడుండడు. అందుకే ఎప్పుడూ ఆఫీసుల గడప తొక్కని అవ్వ, బాట తెరిపించమని సర్కారుకు ఫిర్యాదు ఇచ్చింది. నాకు చెప్పనైనా చెప్పలేదు. చెబితే నేను పెద్ద పెద్ద చట్టాలు మాట్లాడి కొట్లాట పెడతానని భయమట.

కొన్నాళ్ళకు ఆమె ఫోనుకు ఒక మెసేజ్ వచ్చింది. ఫిర్యాదు పరిష్కారమైందని, ఫిర్యాదుదారు సంతృప్తి తెలిపారని అందులో ఉంది. అవ్వ గోడ దగ్గరికి పోయి చూసింది. గోడ ఉన్నచోటే ఉంది. అప్పుడు నాకు ఫోన్ చేసింది.

"బిడ్డా, ఒక్కసారి నాతోటి ఆఫీసుకు వస్తవా? నువ్వు ఏం మాట్లాడొద్దు. ఊకె నా పక్కన కూసుండాలె, అంతే."

మాట ఇచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది.

ఆ ఆఫీసులో ఫిర్యాదులు చూసే అధికారి నా ఈడువాడే. ఇస్త్రీ చొక్కా, టేబుల్ మీద కొత్త కంప్యూటర్. గదిలో బెంచీల మీద మాలాగే పనుల మీద వచ్చిన జనం కూర్చుని ఉన్నారు. అవ్వ తన మాట చెప్పుకుంది. అతను తల ఎత్తకుండానే కంప్యూటర్‌లో ఏదో వెతికాడు.

"నీ కేసు క్లోజ్ అయిందవ్వా. నీకు ఫోనొచ్చింది, నువ్వు సంతోషమే అని చెప్పినవ్."

"నేనెప్పుడు చెప్పిన సార్?"

"మిషన్ అబద్ధం చెప్తదా? ఇగో, ఇను."

స్పీకరు సౌండు పెంచి ఆ కాల్ రికార్డింగ్ పెట్టాడు. గది మొత్తం విన్నది. ముందు ఒక ఆడగొంతు, మనిషిది కాదు, కంప్యూటరుది. మా ఇళ్ళల్లో ఎవరూ మాట్లాడని తెలుగు. "నమస్కారం. మీరు సమర్పించిన ఫిర్యాదు..." అని మొదలుపెట్టి కాస్త ఆగింది. ఆ ఆగిన చోట మా అవ్వ గొంతు: "ఆఁ."

"...సంబంధిత అధికారులచే క్షుణ్ణంగా పరిశీలించబడి..."

"ఆఁ... ఆఁ, చెప్పు బిడ్డా."

"...పరిష్కరించబడినది. మీరు సంతృప్తి చెందినట్లయితే అవును అని, లేనట్లయితే..."

"ఊఁ... ఊఁ."

"ధన్యవాదములు. మీ సమ్మతి నమోదు చేయబడినది."

ఆ తర్వాత కూడా మా అవ్వ గొంతు వినిపించింది. "నువ్వు ఏ ఊరు బిడ్డా? తిన్నవా?" అని అడుగుతోంది. అప్పటికి అవతల ఎవరూ లేరు.

అధికారి పగలబడి నవ్వాడు. బెంచీల మీద వాళ్ళూ నవ్వారు. "మిషన్‌ను తిన్నవా అని అడుగుతున్నది అవ్వ," అంటూ ఆ చివరి ముక్కను మళ్ళీ పెట్టాడు. రెండోసారి ఇంకా ఎక్కువ నవ్వారు. "సంతోషంగ ఊఁ ఊఁ అనుకుంట, మళ్ల ఎందుకొచ్చినవ్?" అన్నాడు. ఒకసారి ఫిర్యాదుదారు ఒప్పుకున్నాక ఆ కేసును తిరిగి తెరవడానికి కంప్యూటర్ ఒప్పుకోదట. అదే విషయం మీద మళ్ళీ ఫిర్యాదు ఇచ్చినా తీసుకోదట.

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది. నేను ఏమీ మాట్లాడలేదు. మాట ఇచ్చాను కదా. ఆమె వెనకాలే బయటికి వచ్చాను.

మెట్ల దగ్గర అవ్వను అడిగాను, ఆ ఫోనుకు అలా ఎందుకు ఊఁ కొట్టావని.

"ఎవలో ఆడివిల్ల. గుక్క తిప్పకుండ మాట్లాడుతున్నది. మనం సప్పుడు చెయ్యకుంటే ఆ పిల్ల చిన్నబోదా?" అంది.

అదీ సంగతి. మనలో ఊఁ కొట్టకపోతే అవతలివాడు మాట ఆపేస్తాడు. వింటున్నావా అని అడుగుతాడు, కోపమొచ్చిందా అని అడుగుతాడు. ఊఁ అంటే విన్నానని, నువ్వు చెప్పుకుంటూ పో అని. ఒప్పుకున్నానని కాదు. పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతిని ఆ మిషన్‌కు ఎవరూ నేర్పలేదు. మిషన్‌కు తెలియకపోతే తెలియకపోయింది. ఈ నేల మీద పుట్టి, ఈ గాలి పీల్చి, రోజుకు వందసార్లు ఊఁ కొట్టే ఆ మనిషికి తెలియదా? తెలుసు. తెలిసే నవ్వాడు. గోడ కట్టినవాడి మీద నాకు కోపమే వచ్చింది. ఇతని మీద మాత్రం కసి పుట్టింది.

కోర్టుకు వెళ్ళొచ్చు. కానీ కోర్టులో కేసు తేలేలోపు బంతి ఎండి గింజలు రాలతాయి. అదీగాక, నిజం చెప్పాలంటే, నాకు తీర్పు ఒక్కటే చాలదు. నలుగురిలో మా అవ్వ తల ఎలా వంగిందో అతని తల అలా వంగాలి. దాని కోసం ఏ అవకాశం వస్తుందా అని కాచుకుని ఉన్నాను.

వచ్చింది. అజీజ్‌నగర్‌లో ఒక రిసార్టులో అధికారులకు శిక్షణ తరగతి పెట్టారు. కొత్త టెక్నాలజీతో ప్రజలకు సేవ చేయడం ఎలా అన్నది విషయం. మధ్యాహ్నం పూట హక్కుల గురించి ఎవరో ఒకరు ఒక ముక్క మాట్లాడాలి కాబట్టి నన్ను పిలిచారు. అలాంటి వాటికి నేను వెళ్ళను. అన్నం తిన్నాక అందరూ కునికిపాట్లు పడే సమయంలో మనకు మైకు ఇస్తారు. ఈసారి మాత్రం ఫోన్ పెట్టకముందే ఒప్పేసుకున్నాను. ఎందుకంటే పొద్దుటి పూట ఆ మాటల మిషన్ ఎంత బాగా పనిచేస్తుందో వివరించబోయేది ఆ అధికారే. దాన్ని తయారుచేసిన కంపెనీ వాళ్ళు మిషన్‌ను హాల్లోకి తెచ్చి, తెర మీద అందరికీ చూపిస్తారని కూడా చెప్పారు.

వారం పాటు సాధన చేశాను. వాక్యాన్ని ముక్కలుగా విరిచి, ప్రతి ముక్క చివర గొంతు కొంచెం లేపి ఆపితే, ఎదుటి మనిషి ఊఁ అనకుండా ఉండలేడు. మా ఆయన మీద ప్రయత్నించి చూశాను. అన్నం తింటూ, టీవీ చూస్తూ, నేను ఆపిన ప్రతిచోటా ఆయన ఆఁ అన్నాడు. ఆ మిషన్ లెక్క ప్రకారం ఇకనుంచి ఇంట్లో గిన్నెలన్నీ తానే తోముతానని ఒప్పుకున్నాడు. నాకు ధైర్యం వచ్చింది.

ఆ రోజు ఏసీ హాలు. వెనకాల పెద్ద బ్యానరు. ముందు వరుసలో జిల్లా స్థాయి పెద్ద అధికారి ఒకావిడ కూర్చుంది. పొద్దున అతను మిషన్‌ను తెగ పొగిడాడు. మైకులో ఎవరైనా అవును అంటే తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో "సమ్మతి: అవును" అని పడుతుంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా వంతు వచ్చినప్పుడు, ఉపన్యాసం బదులు ఈ మిషన్‌తోనే ఒక చిన్న ప్రయోగం చేద్దామన్నాను. కంపెనీ మనిషి సంబరపడి తెర మళ్ళీ వెలిగించాడు. నేను ఆ అధికారిని వేదిక మీదికి పిలిచాను. అతను నవ్వుకుంటూ వచ్చాడు. నా మొహం అతనికి గుర్తు లేదు. ఆ రోజు ఆఫీసులో అతను మా వైపు చూస్తే కదా.

"సార్, మీరు ఏం మాట్లాడాల్సిన పని లేదు. నేనొక ముచ్చట చెప్త, మీరు ఇనుర్రి చాలు. మైకు మాత్రం పట్టుకోర్రి."

"గంతేనా మేడం! చెప్పుర్రి, చెప్పుర్రి."

"ఒక ఊళ్ళె ఒక పెద్దామె ఉన్నది సార్..."

"ఆఁ."

తెర మీద ఆకుపచ్చగా పడింది: "అవును". అతని వీపు తెర వైపు ఉంది.

"ఆమె పొలం బాటకు అడ్డంగ ఎవరో గోడ కట్టిన్రు..."

"ఆఁ... ఆఁ."

"ఆమె మీ ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చింది..."

"ఊఁ."

"మీ ఆఫీసు నుంచి ఒక్కరన్న పోయి ఆ గోడను చూడలేదు..."

"ఆఁ."

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను ఆగలేదు.

"చూడకుండనే, పరిష్కారమైందని మీరు కేసు మూసిన్రు..."

"ఊఁ..."

"గోడ ఇయ్యాల్టికి గూడ గట్లనే ఉన్నదని మీకు ఎరుకే..."

"ఆఁ—"

నవ్వులు గట్టిగా లేచేసరికి అతను వెనక్కి తిరిగి చూశాడు. తెర నిండా పైనుంచి కింది దాకా అవును, అవును, అవును. అతని మొహం మాడిపోయింది.

"ఏయ్, ఆగుర్రి ఆగుర్రి! ఇంటున్న అని ఆఁ అన్న. ఒప్పుకున్న అని కాదు!"

ఈ వాక్యం అతని నోటి నుంచే రావాలని వారం నుంచి ఎదురుచూశాను. నేను ఎన్ని వ్యాసాలు రాసినా ఇంత సూటిగా రాయలేకపోయాను.

"మిషన్ అబద్ధం చెప్తదా సార్?" అన్నాను. "ఆ పెద్దామె మా అవ్వ. ఆమె గూడ ఇంటున్న అనే చెప్పింది. మీరు ఆ రికార్డింగ్ పెట్టి అందరిని నవ్వించిన్రు."

అప్పుడు నన్ను చూశాడు. మొదటిసారి సరిగ్గా చూశాడు. నవ్వు ఆగడం లేదు, వెనక వరుసలో ఒకాయన అతన్ని అనుకరిస్తూ ఆఁ ఆఁ అంటున్నాడు. ముందు వరుసలో ఆవిడ మాత్రం నవ్వలేదు. కాగితం తీసి ఏదో రాసుకుంది. అతను వేదిక దిగి, కుర్చీలో కూర్చుని, ఫోను చూసుకుంటున్నట్టు తల వంచుకున్నాడు.

నాకు జాలి కలిగిందని రాస్తే బాగుంటుంది. కలగలేదు. కడుపు చల్లబడింది. టీ విరామంలో రెండు సమోసాలు తిన్నాను. నాకు సమోసాలు పడవు.

తర్వాత పనులు చకచకా జరిగాయి. గొంతు ఒక్కటే ఆధారంగా ఫిర్యాదులు మూయొద్దని ఆ పెద్ద అధికారి తన జిల్లా ఆఫీసులకు చెప్పింది. మా ఫిర్యాదును మళ్ళీ తెరిచారు. కొలతల వాళ్ళు వచ్చారు, ఊరి నక్షాలో బాట స్పష్టంగా ఉంది. బతుకమ్మ మొదలవడానికి ముందే జేసీబీ వచ్చి బాట మేరకు గోడను పడగొట్టింది. గోడ పడుతుంటే నేను సెలవు పెట్టి మరీ అక్కడ నిలబడి చూశాను. ఆ దుమ్ము నా చీర మీద పడింది, దులుపుకోలేదు.

ఆ అధికారి కూడా వచ్చాడు. ఫిర్యాదుదారుకు స్వయంగా వివరణ ఇచ్చి రమ్మని పైనుంచి చెప్పారట. ఎర్రమట్టిలో నల్ల బూట్లతో, బంతి సాళ్ళ మధ్య నుంచి జాగ్రత్తగా నడుచుకుంటూ అవ్వ దగ్గరికి వచ్చాడు. అవ్వ పూలు తెంపి మూట కడుతోంది. లేచి నిలబడి అతని మొహంలోకి చూసింది.

"అవ్వా, గది ఏమైందంటే... మిషన్ కొత్తగ వచ్చింది..."

ఆగాడు. అవ్వ చూస్తూనే ఉంది. చప్పుడు లేదు.

"అంటే... దానికి మన భాష ఇంకా సరిగ్గ..."

మళ్ళీ ఆగాడు. అవ్వ పెదవి కదలలేదు. కూలికి వచ్చిన ఆడవాళ్ళు కూడా చేతులు ఆపి చూస్తున్నారు.

"ఆ దినం నేను గూడ జర... పని ఒత్తిడిల..." అంటూ మొదలుపెట్టిన మాట ఎటూ పోక అక్కడే నిలిచిపోయింది. మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు, మళ్ళీ తడబడ్డాడు. చివరికి "ఇంటున్నవా అవ్వా?" అని అడిగాడు.

"చెవులు మంచిగనే ఉన్నయి సార్. చెప్పుర్రి," అంది అవ్వ.

అతను చెప్పలేకపోయాడు. నా వైపు చూశాడు. నేనూ ఊఁ అనలేదు. చేతులు జోడించి, వచ్చిన దారినే పోయాడు. నేను హాలు నిండా జనాన్ని పెట్టుకుని చేసిన దానికంటే అవ్వ నోరు మెదపకుండా చేసింది పెద్దదని నాకు అనిపించింది. ఇక చాలు, ఈ మనిషిని వదిలేద్దాం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను.

పూల మూటలతో ఆటో ముందు పోతుంటే, అవ్వను నా కారులో ఎక్కించుకుని మార్కెట్ వైపు బయల్దేరాను. నాకు ఉత్సాహం ఆగడం లేదు. రిసార్టులో జరిగిందంతా మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాను. అతను మైకు ఎలా పట్టుకున్నాడో, తెర ఎలా నిండిందో, మొహం ఎలా మాడిందో. మొయినాబాద్ దాటాం. చెబుతూ చెబుతూ నాకు మాట తట్టడం మానేసింది. ఎందుకో అర్థం కాలేదు. తిరిగి చూస్తే అవ్వ నా వైపే చూస్తోంది, శ్రద్ధగా వింటోంది. కానీ ఊఁ కొట్టడం లేదు.

"అవ్వా, నాకు గూడనా?"

అవ్వ తల అడ్డంగా తిప్పింది.

"కావాలని కాదు బిడ్డా. ఆఫీసు నుంచి వచ్చినప్పటి సంది గిట్లనే అయితున్నది. ఊఁ అంటే ఎవలేం రాసుకుంటరో అని భయమైతది. మొన్న మీ బాపు ఏదో ముచ్చట చెప్తుంటే గూడ నోరు లేవలే. నామీద కోపమా అని అడిగిండు పాపం."

"గా సార్‌కు గూడ బుద్ధి చెప్దామనే సప్పుడు చెయ్యలే అనుకున్న నేను."

"బుద్ధా? నాకు భయమైంది," అంది అవ్వ.

అజీజ్‌నగర్ దాటాం. ఆమె సాళ్ళ మధ్య నిలబడి గెలిచిందని నేను సంబరపడ్డాను. ఆమె భయపడి నిలబడింది. బాట తిరిగి తెప్పించాను, పూలు అమ్ముడుపోతాయి. ఈమె నోట్లోంచి పోయినదాన్ని ఏ ఆఫీసు తెచ్చిస్తుంది?

ఆ రాత్రికే పిటిషన్ రాయడం మొదలుపెట్టాను. గొంతును సమ్మతిగా రాసుకునే మిషన్లను ఏ ఆఫీసులోనూ వాడొద్దని, వినేవాడి గొంతును ఒప్పుకున్నవాడి గొంతుగా లెక్కించడం రాజ్యాంగ విరుద్ధమని. ఇలాంటి పిటిషన్లలో అధికారిని హోదాతోనే ప్రతివాదిగా చేర్చాలని, పేరు రాయొద్దని నేను క్లాసులో చెబుతాను. హోదాతో చేరిస్తే ఆ కుర్చీ తరపున సర్కారు లాయరు జవాబు చెబుతాడు. పేరు పెట్టి చేరిస్తే ఆ మనిషి తన డబ్బుతో లాయర్ని పెట్టుకుని, తన తరపున తానే జవాబు చెప్పుకోవాలి.

పేరు రాశాను. ఇంటిపేరుతో సహా.